పాలు పొంగిన మెయిల్

మాది పాల వ్యాపారం. తెల్లారకముందే లేచి కొట్టంలో బర్రెల పక్కన కూర్చునే బతుకు. నా పుట్టిల్లు ధూల్‌పేట్. వినాయక విగ్రహాలు చేసే ఇళ్ల మధ్య పెరిగాను. రంగులు వేయని, ఇంకా కళ్లు దిద్దని పెద్ద పెద్ద బొమ్మల మధ్య నుంచి చీకట్లో పాలక్యాన్ పట్టుకుని నడిచినదాన్ని. దయ్యాలే ఉంటే, ఊరంతా పడుకున్న వేళ తిరిగే మాలాంటి వాళ్లకే ముందు కనబడాలి. ఒక్కటీ కనబడలేదు. కనబడ్డాయని చెప్పినవాళ్లను నేను నమ్మిందీ లేదు.

ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దయ్యం అననండి. ఏమనాలో మాత్రం తెలియదు.

నాకు చదువు అంతంతమాత్రం. సంతకం పెడతాను, నంబరు చూసి బస్సెక్కుతాను. నేను చెబుతుంటే మా అమ్మాయి స్వప్న రాస్తోంది. తను బడిలో టీచరు. నా మాటల్ని కాస్త పుస్తకం మాటలుగా సర్దుతానంది. సర్దుకో, లేనిది మాత్రం కలపకు అన్నాను.

పెళ్లయి మొఘల్‌పురా వచ్చాను. ముందు వాకిలి, వెనక కొట్టం, మధ్యలో రెండు గదులు. అత్తగారింట్లో అందరిదీ పాల పనే. మా ఆయన ఒక్కడే డిగ్రీ చదివి, ఆబిడ్స్‌లో ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే పనిలో చేరాడు. ఆయన పేరు స్వప్న రాస్తానంది, నేనే వద్దన్నాను. మా ఇళ్లలో భర్త పేరు నోటితో అనరు. బతికుండగా అనని పేరు ఇప్పుడు ఎందుకు?

పొద్దున బర్రెలకు మేత వేసి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోయేవాడు. ఎంత రుద్దినా కొట్టం వాసన పోయేది కాదు. "లిఫ్టుల అందరు ఇటే సూస్తరే, కంప్యూటర్ సారు పేడ వాసనొస్తుండని" అని సాయంత్రం వచ్చి నవ్వేవాడు.

ఆ కంపెనీలో మెయిళ్లన్నింటినీ ఒక పెద్ద ఫైల్లో మూట కట్టి దాచే ప్రోగ్రాం ఉండేది. కంప్యూటర్లో రాసుకునే ఉత్తరాలే మెయిళ్లు. ఆ మూట విప్పాలంటే మళ్లీ అదే ప్రోగ్రాం ఉండాలి, అదీ డబ్బు కట్టి కొనుక్కోవాలి. కొన్నాళ్లకు కంపెనీ వేరేదానికి మారింది. పాత మూటలు అలాగే ఉండిపోయాయి. రిటైరైన ఒక పెద్దాయన వచ్చి, పోయిన తమ్ముడు తనకు రాసిన మెయిళ్లు కావాలని అడిగితే తీసివ్వలేకపోయారట. ఆ రోజు మా ఆయన మొహం మాడ్చుకుని ఇంటికి వచ్చాడు.

"మన బర్రె పాలు మనం తాగనీకి ఎవని పర్మిషన్ గావాలె యాదమ్మా?" అన్నాడు.

"ఎవలొద్దన్నరు? గిన్నెల ఉన్నయి, తాగు" అన్నాను. ఆయన ఏ పాల గురించి అంటున్నాడో నాకేం తెలుసు?

ఆ తర్వాత చెప్పాడు. ఆ మూటలు విప్పి, అందులోని మెయిళ్లను ఎవరైనా చదువుకునే మామూలు ఫైళ్లుగా మార్చే ప్రోగ్రాం ఒకటి రాస్తాడట. రాసింది దాచుకోకుండా ఇంటర్నెట్టులో అందరికీ కనబడేలా పెడతాడట. కావలసినవాళ్లు తీసుకోవచ్చు, తప్పులుంటే దిద్దవచ్చు, ఎవరూ ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు.

"మరి మనకేం మిగుల్తది?" అన్నాను.

"పాలు కొలిచినంక పైన కొసరు పోస్తవు గదా, దానికి పైసలు తీస్కుంటవా? గిది గూడ గట్లనే."

ఆ మాటతో నాకు పూర్తిగా అర్థమైంది. మా వాడలో ఎవరి దగ్గర పాలు పోయించుకోవాలన్నది కొసరు పోసే చేతిని చూసే నిర్ణయిస్తారు.

ఆయనతో కలిసి పనిచేసింది యూసుఫ్ భాయ్. మా వీధి చివరే ఇల్లు. వేరే కంపెనీలో ప్రోగ్రాంలు రాసేవాడు. ఆదివారం వస్తే ఇద్దరూ మా ముందు గదిలో కంప్యూటర్ ముందు తలలు ఆనించుకుని కూర్చునేవారు. ఆ ఫైలు లోపల ఎలా కట్టారో ఎక్కడా రాసి లేదట. తడుముకుంటూ తెలుసుకోవాలి. యూసుఫ్ భాయ్ ఉర్దూలో విసుక్కునేవాడు, మా ఆయన తెలుగులో విసుక్కునేవాడు, నేను ఇద్దరికీ చాయ్ పోసేదాన్ని.

ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి, పాత ప్రోగ్రాంతో మూట కట్టిన మెయిళ్లు కావాలి. తెలుగువి ఉండాలి, పొడుగువి ఉండాలి, ఫొటోలు జోడించినవి ఉండాలి. ఆఫీసువాళ్లవి వాడితే తప్పు, పరాయివాళ్ల సొంత మాటలు. అందుకని ఒక సాయంత్రం నన్ను పిలిచి, "నువ్వు చెప్పు, నేను టైపు కొడ్త. నువ్వు నాకు రాసినట్టు" అన్నాడు.

"ఏం చెప్పాలె?"

"ఏదన్న చెప్పు. రోజు లొల్లి చేస్తవు గదా, గదే చెప్పు. ముందుగాల పేరు చెప్పు, ఎవరికి రాస్తున్నవో."

"నీ పేరు నీకు తెల్వదా ఏంది? రాస్కో."

పేరు అనను కాబట్టి, "ఇగో, వింటున్నవా" అని మొదలుపెట్టాను. ఆయన అదే కొట్టాడు. ఆ రోజు నుంచి నా ప్రతి మెయిలూ అలాగే మొదలైంది.

అది మా అలవాటైపోయింది. సాయంత్రం పాలు పిండి, ఇళ్లకు పోయాల్సినవి పోసి వచ్చాక, మిగిలిన పాలు పొయ్యి మీద పెట్టి, వంటింటి గడప మీద కూర్చునేదాన్ని. ఆయన ఎదురుగా కంప్యూటర్ ముందు. ఏ బర్రె తన్నింది, ఎవరు పాలలో నీళ్లున్నాయని అన్నారు, పేరున్న బార్కస్ జాంపండ్లని చెప్పి ఎక్కడివో పుల్లటివి అంటగట్టిన బండివాడిని ఏమని తిట్టాను, అన్నీ చెప్పేదాన్ని. మధ్యలో ఆయన తన మాటలూ కలిపి కొట్టేవాడు. స్వప్న అప్పుడు బీఈడీ చదువుతోంది. "అమ్మా, నీ తిట్లన్నీ కంప్యూటర్లకు పోతున్నయి" అని నవ్వేది.

మాటల్లో పడితే పాల మీద ధ్యాస ఉండదు కదా. ఉన్నట్టుండి సుయ్యిమని పొంగేవి. "అయ్యో పాలు!" అని లేచి పరిగెత్తేదాన్ని. ఆ మనిషి ఆ ముక్క కూడా కొట్టేసేవాడు. మెయిల్ అక్కడితో ఆపేసేవాడు. "గది గూడ రాస్తవా?" అంటే, "నువ్వు చెప్పింది రాయమంటివి, రాసిన" అనేవాడు. సగం మెయిళ్లకు చివర అదే మాట.

అందులో కొన్నింటిని నన్ను అడిగి, నమూనాకని ప్రోగ్రాంతో పాటు ఇంటర్నెట్టులో పెట్టాడు. ఏదో చలి దేశం నుంచి ఆ ప్రోగ్రాంను దిద్దడానికి వచ్చిన ఒకాయన, ఉత్తరాల చివర అందరూ అలా రాయడం తెలుగువాళ్ల మర్యాద అనుకున్నాడట. మా ఆయనకు ఇంగ్లీషులో మెయిల్ రాసి, కింద తెలుగు అక్షరాల్లో "అయ్యో పాలు" అని పెట్టి తన పేరు రాశాడు. అది చూసి మా ఆయన కుర్చీలోంచి జారిపడేంత నవ్వాడు. యూసుఫ్ భాయ్‌కి విడమరిచి చెబితే అతను కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. వద్దు, అలాగే ఉండనిద్దాం అని ఇద్దరూ ఆయనకు నిజం చెప్పలేదు.

అవి మంచి రోజులండి. అప్పుడు తెలియలేదు.

ఒక చలికాలం, ఆఫీసులోనే గుండెపోటు వచ్చి ఆయన పోయాడు. ఇస్త్రీ చొక్కాతో వెళ్లినవాడు అదే చొక్కాతో తిరిగి వచ్చాడు. అంతకుమించి ఆ రోజు గురించి చెప్పలేను.

దినాలయ్యాక నాకు ఒకటే కోరిక పుట్టింది. ఆయన ఫొటోలున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా రికార్డు చేసుకోలేదు. ఇద్దరం కలిసి మాట్లాడుకున్న మాటలు ఆ మెయిళ్లలోనే ఉన్నాయి. నేను చదువుకోలేను, స్వప్న చదివితే వినాలి. ఇంటర్నెట్టులో పెట్టినవి పట్టుమని నాలుగైదు. మిగతా అన్నీ ఆయన కంప్యూటర్లో, ఆ మూట ఫైల్లోనే.

యూసుఫ్ భాయ్ వచ్చి తెరవబోతే తెరుచుకోలేదు. ఆ పాత ఫైలుకు ఒక హద్దు ఉంటుందట. ఆ హద్దు దాటి నింపితే లోపల కట్టు చెదిరిపోతుందట. మా ఆయన ప్రతి మెయిలుకూ బర్రెల ఫొటోలు జోడించి జోడించి హద్దు దాటించేశాడు. డబ్బు పెట్టి కొనే ఆ పాత ప్రోగ్రామూ తెరవలేకపోయింది, వీళ్లిద్దరూ రాసినదీ సగంలో ఆగిపోయింది.

"ఫైల్ పొంగిపోయింది భాభీ" అన్నాడు యూసుఫ్ భాయ్. "ఫికర్ మత్ కరో. టైం పడ్తది, నేను తీస్త."

ఆ రోజే ఫైలుకు ఒక కాపీ తీసుకున్నాడు. ఫైలుకు వేలిముద్ర లాంటిది ఒకటి ఉంటుందని చెప్పాడు. పొడుగాటి అంకెలు, అక్షరాల వరస. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. ఆ వేలిముద్ర తీసి, ప్రోగ్రాం మీద పనిచేసే మిగతావాళ్లకు కూడా అదే రోజు పంపించాడు. పాడైన ఫైలు బాగుచేసేటప్పుడు అది వాళ్ల పద్ధతి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మా ఆయన కంప్యూటర్‌కు స్వప్న గుడ్డ కప్పేసింది. వైరు కూడా తీసేసింది. కానీ సాయంత్రాలు నేనేం చేయను? పాలు పొయ్యి మీద పెట్టి, అదే గడప మీద కూర్చుని, ఆ గుడ్డ వైపు చూసి చెప్పేదాన్ని. ఇగో, వింటున్నవా అని. పిచ్చి కాదు, అలవాటు. స్వప్నకు బడి అయ్యాక ట్యూషన్లుంటాయి, ఆ వేళకు ఇంట్లో ఎవరూ ఉండరు.

మా కొట్టంలో చుక్క అని ఒక బర్రె ఉంది. నుదుటి మీద తెల్ల మచ్చ. మా ఆయన చేతుల్లో పెరిగింది. ఎన్నిసార్లు దున్న దగ్గరకు తోలినా అది సూడి కట్టలేదు, కడుపు నిలవలేదు. పశువుల డాక్టరు ఇక లాభం లేదు, అమ్మేయండి అన్నాడు. ఈయన వినలేదు. "తినేది నా చేతి గడ్డి, నీకేం బాధ?" అని నన్నే అరిచాడు. ఆయన పోయేనాటికి కూడా అది అలాగే ఉంది.

ఆయన పోయిన రెండో వానాకాలంలో చుక్క ఈనింది. ఆ మధ్యాహ్నం కుండపోత వాన. పక్కింటివాళ్ల ప్రహరీ గోడ కూలి దబ్బున పడింది. ఆ చప్పుడుకు నేను కొట్టంలోకి ఉరికితే, అప్పటికే దుడ్డె, అదే బర్రెదూడ, నేల మీద ఉంది. నల్లటి ఒంటికి తోక చివర మాత్రం తెలుపు, సున్నం బ్రష్షు ముంచినట్టు.

సాయంత్రం గడప మీద కూర్చుని ఆయనకు చెప్పాను. చుక్క సంగతి, గోడ సంగతి, తోక సంగతి. దానికి కొసరు అని పేరు పెడుతున్నానని చెప్పాను. బర్రెకు అలాంటి పేరు ఎవరూ పెట్టరు, నాకూ అప్పుడే నోటికి వచ్చింది. చివరకు దుఃఖం ఆగలేదు. "ఇగ నువ్వు లేవు, పాలు పొంగితే ఎవరు రాస్తరు?" అన్నాను.

అంటుండగానే పొంగాయి. అయ్యో పాలు అని లేచాను. లేచేసరికి కళ్లు కనబడలేదు, కూలబడిపోయాను. సగం పాలు పొయ్యి మీదే పోయాయి, గిన్నె అడుగంటింది. స్వప్న వచ్చి "ఏందమ్మా, ఇల్లంత మాడు వాసన" అంది. ఏమీ లేదన్నాను. దుడ్డె పేరు మాత్రం చెప్పాను. మిగతా మాటలు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేవి కావు కదా.

దసరా దాటాక ఒక ఆదివారం పొద్దున యూసుఫ్ భాయ్ లాప్‌టాప్ చంకన పెట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చాడు. "భాభీ! ఖుల్ గయా! మొత్తం ఒచ్చింది!"

వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాం. తెలుగు యూసుఫ్ భాయ్ మాట్లాడతాడు కానీ చదవలేడు. దుకాణం బోర్డు కూడా ఎవరినైనా అడగాలి. అందుకని స్వప్న చదివింది. నా తిట్లు, ఆయన ఎదురు మాటలు, జాంపండ్ల బండివాడు, ఎప్పుడో అమ్మేసిన బర్రెలు. ఆయన ఎక్కడ నవ్వుంటాడో నాకు తెలుసు, అక్కడ ఆగమనేదాన్ని. స్వప్న "అయ్యో పాలు" అని చదివినప్పుడల్లా ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాను. చాయ్ చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు.

"ఇగ ఒక్కటే ఉంది. అడుగున వచ్చింది. దీనికి తేదీ లేదు భాయ్" అంది స్వప్న.

"ఉంటయి గట్ల. తుడిచేసినవాటి టుక్‌డాలు గూడ బయటికొస్తయి. చదువు బేటా."

స్వప్న చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నాకు కంఠతా వచ్చు, అలాగే రాయిస్తున్నాను.

"ఇగో, వింటున్నవా. చుక్క ఈనింది. దుడ్డె. తోక చివర తెల్లగ ఉంది, సున్నం బ్రష్షు లెక్క. వానకు పక్కింటోళ్ల గోడ కూలింది, మనదాంట్ల ఏం పడలే, ఫికర్ చెయ్యకు. డాక్టరు వద్దన్న బర్రెకు పుట్టింది, గిది దేవుడు పోసిన కొసరే. గందుకే కొసరు అని పేరు పెడ్తున్న. నీకే ముందుగాల చెప్తున్న. ఇగ నువ్వు లేవు, పాలు పొంగితే ఎవరు రాస్తరు? అయ్యో పాలు"

చదవడం అయ్యాక స్వప్న నా మొహం చూసింది. కొట్టంలో కొసరు తోక ఆడిస్తూ నిలబడి ఉంది.

"అమ్మా, గిది నువ్వెప్పుడు చెప్పినవ్?"

చెప్పాను. మాడిన గిన్నె రోజని. ఆ రోజు స్వప్నకు గుర్తుంది.

యూసుఫ్ భాయ్‌కి అర్థం కాలేదు. స్వప్న ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. అతను వెంటనే కాపీ ఫైలు వేలిముద్ర మళ్లీ తీశాడు. మొదటి రోజు అందరికీ పంపిన దాంతో పక్కపక్కన పెట్టి, స్వప్న చేత కూడా అక్షరం అక్షరం చూపించాడు. ఒకటే. తర్వాత మా ఆయన కంప్యూటర్ మీద గుడ్డ తీసి, వైరు పెట్టి, అందులో ఫైలు వేలిముద్ర తీశాడు. అదీ ఒకటే. చుక్క సూడి కూడా కట్టని రోజున మూసిన ఫైలు. ఆ తర్వాత ఎవరూ అందులో ఏమీ కలపలేదు.

నాన్నే సరదాకు ముందుగా ఊహించి రాసి ఉంటాడని స్వప్న అంది. కొసరు అన్నది ఆయన మాటే, నిజం. చుక్క ఈనాలన్నది ఆయన ఆశే, అదీ నిజం. మరి కూలిన గోడ? తెల్ల తోక? నువ్వు లేవు అన్న మాట ఆయన ఎలా రాసుకుంటాడు? యూసుఫ్ భాయ్ రాశాడనుకుందామంటే అతనికి తెలుగు అక్షరం రాదు, ఆ మాటలు అతను విననూ లేదు. నేను రాశాననుకుందామంటే, నా సంగతి మీకు తెలిసిందే.

తర్వాత కూడా యూసుఫ్ భాయ్ చాలా వెతికాడు. ప్రోగ్రాం ఎన్నిసార్లు నడిపినా ఆ మెయిల్ వస్తుందట, ఎప్పుడూ అడుగునే. ఫైల్లో అది ఏ చోటు నుంచి వస్తోందని చూస్తే, అక్కడ ఖాళీయే కనబడుతుందట. ఒకరోజు వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"భాభీ, తేదీ లేని మెయిళ్లు కచరా కింద లెక్కేసి ప్రోగ్రాం పారేయాలె. రూల్ గట్ల పెట్టమని అందరు అంటున్నరు. పెట్టాల్నా?"

"నీ ప్రోగ్రాం, నన్నెందుకు అడుగుతవు భాయ్?"

"ప్రోగ్రాం సగం మా అన్నది గదా. అన్న లేడు, మిమ్మల్నే అడగాలె."

అందరికీ కావలసిన ప్రోగ్రాం, నా ఒక్కదాని కోసం చెడగొట్టమనలేను. తమ్ముడి మెయిళ్ల కోసం వచ్చి ఉత్త చేతులతో పోయిన ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. "తేదీ లేదని పారేస్తే ఎట్ల? పక్కకు పెట్టుండ్రి. కావల్సినోళ్లు తీస్కుంటరు" అన్నాను.

అతను తల ఊపి వెళ్లాడు. ఇప్పటికీ అది అలాగే ఉందట. తేదీ లేని మెయిళ్లను ప్రోగ్రాం పారేయదు. అన్నీ అయ్యాక అడుగున, విడిగా పెడుతుంది. అలా పెట్టిన చోటుకు యూసుఫ్ భాయ్ కొసరు అని పేరు పెట్టాడు. ఏ దేశంలోనో ఎవరైనా దాన్ని చూసి ఇదేం మాట అనుకుంటూ ఉంటారు.

మళ్లీ అలాంటి మెయిల్ రాలేదు. ఎలా వస్తుంది, ఫైలు ఒక్కటే కదా. మొదటిది ఎలా వచ్చిందో మాత్రం నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలిసినవాళ్లు చెబితే వింటాను, నమ్ముతానని మాట ఇవ్వలేను.

ఇప్పటికీ సాయంత్రం పాలు పెట్టి గడప మీద కూర్చుంటాను. పొంగు రాబోతోందని వాసనను బట్టే తెలిసిపోతుంది, ఇన్నేళ్ల అలవాటు. అయినా కొన్ని రోజులు కావాలనే మంట తగ్గించను. పొయ్యంతా పాడుచేస్తున్నావని స్వప్న తిడుతుంది.

తిట్టనీ. ఆయన రాసుకోవాలి కదా.